పదకొండేళ్లకు ఒక సైటేషన్

విశ్వవిద్యాలయం జ్ఞానాన్ని ఉత్పత్తి చేసే చోటు. ఆ జ్ఞానాన్ని ఎవరూ చదవనంత కాలం ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ఈ సూత్రం మీదే ఉన్నత విద్య చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

అలాంటి ఒక విశ్వవిద్యాలయంలో, మూడో అంతస్తులో, జిరాక్సు మిషనుకూ మెట్లకూ మధ్య స్థూల అర్థశాస్త్రం మాష్టారు కూర్చుంటారు. దేశాదాయం, ధరలు, నిరుద్యోగం ఆయన పరిధి. (ఆయన కుర్చీకి చెయ్యి విరిగిన సంగతి స్టోర్స్ విభాగం పరిధి.) పదకొండేళ్లుగా ఆయన తాత్కాలిక అధ్యాపకుడు. పర్మనెంటు కావాలంటే ఆయన పరిశోధన వ్యాసాన్ని మరొకరెవరైనా తమ రాతలో ఆధారంగా పేర్కొనాలి. దీన్నే సైటేషన్ అంటారు. ఒక్కటి చాలు. తనను తాను పేర్కొన్నా, శిష్యులు పేర్కొన్నా, భార్య పేర్కొన్నా చెల్లదు. (మూడూ అయ్యాయి.)

ఆరు వ్యాసాలు రాశారు. పత్రికలవాళ్లు సవరించమని వెనక్కి పంపనిది ఒక్కటీ లేదు. వడ్డీ రేట్ల మీద రాసింది అచ్చయ్యేలోగా రేట్లు మారిపోయాయి. ధరల మీద రాసిన దానికి ముగింపు పేజీ అచ్చుకాలేదు, ఇప్పటికీ ఎవరూ గమనించలేదు. ఇక లాభం లేదని ఏడోసారి, పైవాళ్లు చదివి తీరే అంశమే పట్టుకున్నారు: తాత్కాలిక పోస్టులు రద్దు చేస్తే సంస్థల పనిలో తేడా వస్తుందా? నలభై పేజీలు, పద్దెనిమిది సమీకరణాలు. రాదని తేలింది.

బట్టలు కుట్టే భార్య మిషను ఆపి మరీ చదివింది.

"ఏవండీ, ఈ తాత్కాలికం వాళ్లలో మీరూ ఉన్నారుగా?"

"పిచ్చిదానా, మా శాస్త్రంలో మనుషులు విడివిడిగా కనపడరే. మొత్తాలే కనపడతాయి."

"కూర్చున్న కొమ్మ నరుక్కుంటూ అడవి లెక్కలు చెబుతారేంటండీ!"

మాష్టారు నవ్వేశారు గానీ, ఆ సాయంత్రం పద్దెనిమిదో సమీకరణం మళ్లీ సరిచూసుకున్నారు. తప్పు లేదు. పాపం, లెక్కలో ఆయన ఎప్పుడూ తప్పరు.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. "మన అధ్యాపకుని పరిశోధన (31వ పేజీ) ఆధారముగా, తాత్కాలిక అధ్యాపకుల పోస్టులన్నియు ఒకటో తేదీ నుండి రద్దు చేయడమైనది."

మాష్టారి కళ్లు చెమర్చాయి. హమ్మయ్య, ఎవరో చదివారు! కాగితం పట్టుకుని ఉన్నపళంగా సిబ్బంది విభాగానికి పరుగెత్తారు.

సూపరింటెండెంటమ్మ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"సైటేషనే సార్. పేజీ నంబరు కూడా ఇచ్చారు. మీరు పర్మనెంటుకి అర్హులు."

"మరి ఆర్డరు ఎప్పుడిస్తారమ్మా?"

"పోస్టు లేదు కద సార్." అర్హతపత్రం మీద ముద్ర కొట్టి అందించింది. "అర్హత మాత్రం జీవితాంతం చెల్లుతుంది."

ఇంట్లో భార్య ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మాష్టారు ధైర్యం చెప్పారు.

"కంగారు పడకే. ఒక్కడు పెరిగితే దేశంలో నిరుద్యోగ రేటు కదలదు."

"మరి మన ఇంట్లోనో?"

మాష్టారు ఆమెను చూశారు, కుట్టు మిషను చూశారు.

"యాభై శాతం," అన్నారు.

ఆయన అంచనాల్లో సవరించమని ఎవరూ వెనక్కి పంపనిది అదొక్కటే.