మా పేటకంతా ఒకటే నంబరు

మా చెల్లెలు ప్రేమమ్మ మిల్లు పనికని సంచి సర్దుతుంటే పక్కన కూర్చుని తెగ సంబరపడ్డాను. రెండు చీరలు, బైబిలు, పండుమిరప పచ్చడి సీసా, అన్నిటికన్నా పైన మిల్లువాళ్లిచ్చిన కొత్త సిమ్ము! అంతకన్నా గొప్ప వస్తువును మనిషి కనిపెట్టలేదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటారా? అది సీయూజీ సిమ్ము, అంటే గ్రూపు సిమ్ము. చిలకలూరిపేటలో ఆ నూలుమిల్లు వాళ్లంతా తమలో తాము ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. బయటివాళ్లకు మాత్రం ప్రవేశం లేదు! లోను కావాలా అనే అమ్మాయి ఉండదు. ప్లాటు కొంటారా అనే అబ్బాయి ఉండడు. "అన్నం తిన్నావా" అని పూటపూటా విసిగించే నాలాంటి అక్క అసలే ఉండదు!

నేనూ చేసి చూశాను. "ఈ నంబరుకు మీకు అనుమతి లేదు" అందొకావిడ. మా బంధువుల్లో ఎవరైనా అంత తీయగా కాదన్నారా?

మిల్లు మరీ కఠినాత్మురాలు కాదు లెండి. మాట్లాడుకోడానికి ఇంటివాళ్లది ఒక్క నంబరు రాయమని ఫారం ఇచ్చింది. దర్శి దగ్గర మా పేట నుంచి వెళ్లిన పదకొండు మందీ పాస్టరు ఇమ్మానియేలు గారి నంబరే రాశారు!

"నాకు ఫోను లేదటే?" అన్నాను.

"నీదెప్పుడూ చార్జింగులోనే ఉంటది గదక్కా! అయ్యగారిదైతే ఎప్పుడు చేసినా మోగుద్ది" అంది ప్రేమమ్మ.

ఇక మాకు లోటేముంది? సాయంత్రం ప్రార్థన కాగానే చర్చి మైకులో వార్తలు. "లిడియాకు జలుబు తగ్గింది. ప్రేమమ్మ వాళ్లక్కను బీపీ మాత్ర మర్చిపోవద్దంది. ఆరాధన, వాళ్లాయన తాగుడు మానకపోతే వచ్చి సంగతి చెప్తానంది!" పాపం, అతగాడు మూడు రోజులు గడప దాటలేదు.

తర్వాత అయ్యగారికి కనిగిరి అవతలికి బదిలీ అయింది. దండలేసి సాగనంపాం. నంబరూ ఆయన జేబులోనే వెళ్లింది. మార్చమని మిల్లు సూపర్‌వైజరు బాలును అడిగించాను. "ఫారాలు మళ్లీ జనవరిలోనేనండీ" అన్నాడట. ఎంత క్రమశిక్షణ!

జూలైలో ఒక మంగళవారం సాయంత్రం, ప్రేమమ్మకు జ్వరం ముదిరిందని, ఆసుపత్రిలో చేర్చామని మిల్లువాళ్లు అయ్యగారికి ఫోన్ చేశారు. ఆయన మాకు చెప్పాలి. కొత్త పాస్టరు ఇంకా రాలేదు. మా నంబర్లా? ఒక్కటీ ఆయన దగ్గర లేదు. ఎప్పుడూ మైకే కదా! తెల్లారగానే బస్సెక్కి, మధ్యాహ్నానికి మా గుమ్మంలోకొచ్చారు.

"అక్కగారూ, లేవండి. చెల్లెమ్మ నిన్నటి నుంచి మిమ్మల్నే అడుగుతుందంట."

మేం ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడుతోంది. మంచం చుట్టూ గ్రూపువాళ్లు పదిమందీ ఉన్నారు. ఆలస్యమైంది బయటివాళ్లకే.

ప్రేమమ్మ తిరిగి రాలేదు. 2023 జూలై 19, బుధవారం, సాయంత్రం నాలుగింటికి పోయింది.