ఆరు పొయ్యిల టొబేగో

సెలవులకు ఇల్లు వెతికేటప్పుడు ముందుగా చూడవలసింది సముద్రం కాదు, పొయ్యి. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు ఒడ్డున కూర్చుని, చేసేందుకు పనేమీ లేక, సూర్యాస్తమయాలు చూసుకుంటూ పాడైపోయాయో!

మాది రెండు దీవుల దేశం. ట్రినిడాడ్‌లో ఉండేవాళ్ళం ఈస్టర్ సెలవులకు ఓడెక్కి టొబేగో వెళ్తాం. హిందువులమైనా సరే, ఈస్టర్‌కి ఇంటిపట్టున ఉంటే పరువు తక్కువ. మేం వస్తున్నామని తెలిసి టొబేగో వాళ్ళు ఆ నాలుగు రోజులూ తలుపులేసుకుంటారు.

టొబేగోలో హోటళ్ళు లేవా అని మీరడగవచ్చు. ఉన్నాయి. కానీ హోటల్లో ఏముంటుంది? పరుపు, తువ్వాలు, ఎవరో వండిపెట్టిన భోజనం. దానికోసం సముద్రం దాటాలా? అందుకే మా కూవా ఊళ్ళో బుద్ధిమంతులందరూ వంటగది ఉన్న ఇల్లే అద్దెకు తీసుకుంటారు. ఆ విషయంలో పార్బతిని మించినవాళ్ళు లేరు. పదిహేడేళ్ళుగా తన పుట్టింటివాళ్ళ టొబేగో యాత్రకు ప్లాను వేసేది ఆమే. వెళ్ళేది ఆమె, ఆమె అన్న బోయ్‌సీ, వాళ్ళ తల్లి (ఊరంతా ఆజీ అనే పిలుస్తారు), మిగతా అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు. మొత్తం పద్నాలుగు మంది. వండేది బోయ్‌సీ భార్య చంద్రౌతి.

ఈ ఏడు కూడా ఈస్టర్‌కి ఆరు వారాల ముందే బోయ్‌సీ ఇంటి వరండాలో సభ జరిగింది. చంద్రౌతి పకోడీల పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి పార్బతి ఫోన్లో ఫోటోలు చూపిస్తోంది.

"ఇదిగో అన్నయ్యా, ఈ ఇల్లు చూడు. ఆరు పొయ్యిలు. వంటింటి కిటికీలోంచి సముద్రం. వదిన పెట్టి పుట్టింది."

"సముద్రం చూస్తూ పోపు మాడ్చేస్తుంది," అంది ఆజీ. "కిటికీకి కర్టెన్ ఉందో లేదో కనుక్కో."

చంద్రౌతి పళ్ళెం కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకున్నట్టు గౌనుకి తుడుచుకుంది. ఆమెకి ఒక కోరిక ఉంది. అక్కడ ఒడ్డు నుంచి రోజూ పదకొండింటికి ఒక పడవ బయల్దేరుతుంది. దాని అడుగంతా గాజు. సముద్రం మధ్యలో నడుంలోతు నీళ్ళున్న చోట ఆపి అందర్నీ దింపుతారు. ఆ నీళ్ళలో నిలబడితే కాలి గోళ్ళు కూడా కనిపిస్తాయట. పదిహేడుసార్లు టొబేగో వెళ్ళిన చంద్రౌతి తన కాలి గోళ్ళు అక్కడ ఒక్కసారీ చూసుకోలేదు. పదకొండింటికి పప్పు పొయ్యి మీద ఉంటుంది.

"ఈసారి నేనూ ఆ పడవెక్కుతా," అంది.

వరండాలో అందరూ నమలడం ఆపారు.

"ఎక్కు. ఎవరొద్దన్నారు?" అన్నాడు బోయ్‌సీ, ధర్మప్రభువు. "వంట తొందరగా తెమిలితే ఎక్కు."

"మేం చూసొచ్చి చెప్తాంగా వదినా," అంది పార్బతి. "ఎండలో నీకెందుకు ఆ అవస్థ?"

పాఠకులారా, ఈ ప్రేమను గమనించండి. మిగతావాళ్ళు సముద్రం దగ్గరికి వెళ్ళాలి. చంద్రౌతి దగ్గరికి సముద్రమే వస్తుంది, పద్నాలుగు జతల తడిబట్టల్లో. ఉప్పు, ఇసక, అప్పుడప్పుడూ ఒక గవ్వ. ఇంతకన్నా గౌరవం ఏ గృహిణికి దక్కింది?

తర్వాత సామాను సంగతి. టొబేగో పీతల కూరకు పెట్టింది పేరు, ఒడ్డునే వండి అమ్ముతారు. అందువల్ల పీతల్ని కూవా నుంచే పట్టుకెళ్ళాలని తీర్మానించారు, ఎందుకంటే అక్కడివి పరాయివాళ్ళ పీతలు. కొబ్బరికాయలు ఇరవై. టొబేగోలో కొబ్బరిచెట్లు ఉంటాయి నిజమే, కానీ ఎక్కేదెవరు? ఇక ఆజీ ఒకటే మాట మీద కూర్చుంది. "ఆ ఊరి నీళ్ళతో పిండి కలిపితే రొట్టె అలుగుతుంది. మన కుళాయి నీళ్ళే కావాలి." అయిదు డ్రమ్ముల కూవా నీళ్ళు చేరాయి. నూరే రాయి చేరింది. అది ఒంటరిదైపోతుందని మిక్సీ కూడా చేరింది.

పార్బతి ఇదంతా ఒక కాగితం మీద రెండు వరసలుగా రాసింది. ఎడమవైపు మనుషులు, కుడివైపు సామాను. కుడివైపు ఇలా ఉంది: పెనం, అప్పడాల కర్ర, ఇనప కుండ, ప్రెషర్ కుక్కర్, చంద్రౌతి, ఐసు పెట్టెలు ఏడు.

"నన్నిటు రాశావేం?" అనడిగింది చంద్రౌతి.

"మర్చిపోకుండా వదినా," అంది పార్బతి. "పెనం లేకుండా నువ్వెందుకు, నువ్వు లేకుండా పెనమెందుకు? రెండూ ఒక్కచోట ఉంటే చూసుకోడానికి సుళువు."

ఎంత ముందుచూపు!

మర్నాడు చంద్రౌతి ఆజీ కళ్ళజోడు కోసం పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వెళ్తోంది కనుక ఓడ టికెట్ల పని కూడా ఆమెకే అప్పగించారు. కౌంటర్ వెనకున్న అమ్మాయి, "ఎవరెవరమ్మా?" అనడిగింది. చంద్రౌతి కాగితం చూసి ఎడమవైపు పేర్లన్నీ చదివింది. పద్నాలుగు.

"ఇంకేమైనా ఉన్నాయా?"

చంద్రౌతి కుడివైపు చూసింది. "ఐసు పెట్టెలు."

"వాటికి టికెట్ అక్కర్లేదు. వ్యాన్‌లో వచ్చేస్తాయి."

"పెనానికి?"

"పెనానికీ అక్కర్లేదమ్మా," అంది ఆ అమ్మాయి, ఇలాంటివాళ్ళు రోజూ వస్తారన్నట్టు.

చంద్రౌతి పద్నాలుగు టికెట్లకీ డబ్బు కట్టి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

గుడ్ ఫ్రైడేకి ముందురోజు పొద్దున్నే అందరూ రేవుకి చేరారు. బోయ్‌సీ పీతలు, నీళ్ళు, రాయి సమస్తం నింపిన వ్యాన్‌తో సహా ముందే ఓడలోకి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు గేటు దగ్గర వరస కట్టారు. పార్బతి టికెట్లు పంచుకుంటూ వచ్చి, చంద్రౌతి దగ్గర ఖాళీ చేతులతో ఆగింది.

"నీదేది వదినా?"

"లిస్టులో లేదుగా."

"లేకపోవడమేంటి, నేనే రాశా. ఇదిగో!"

గేటు ఆఫీసరు ఆ కాగితం తీసుకుని, పార్బతి వేలు పెట్టిన చోట శ్రద్ధగా చదివాడు. "ఇది సామాను మేడమ్. సామాను వ్యాన్‌లో వెళ్ళాలి. వ్యాన్ ఎక్కేసింది." ఓడ నిండిపోయిందనీ, ఆదివారం దాకా ఒక్క సీటూ లేదనీ కూడా చెప్పాడు.

"అయితే పీతలెవరు వండుతారు?" అంది ఆజీ. గుండె పగిలిపోయిన గొంతు.

"ఓడ ఆపండి," అంది పార్బతి.

చంద్రౌతి ఇంటికెలా వెళ్తుందని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఆమె అబద్ధం చెప్పాల్సొచ్చేది కాబట్టి అదీ మంచిదే అయింది. ఓడ కూత వేసింది. అత్తగారికి చెయ్యూపి, చంద్రౌతి కొండమీదుగా మరాకస్ తీరానికెళ్ళే టాక్సీ ఎక్కింది.

అక్కడ చేపముక్కలు వేయించి రొట్టెలో పెట్టి అమ్ముతారు. బండి దగ్గరావిడ రొట్టె చీల్చి, "ఏమేం వేయమంటావు డార్లింగ్?" అంది. చింతపండు చట్నీ, వెల్లుల్లి, అనాస, పచ్చిమిరప కారం, ఇంకా ఏడెనిమిది గిన్నెలున్నాయి. చంద్రౌతి వాటి వంక చూస్తూ నిలబడిపోయింది. వెనక వరస పెరిగింది.

"ఏమైంది?"

"నాకేం ఇష్టమో గుర్తు రావట్లేదు."

"అయితే అన్నీ వేస్తా. నచ్చనిది తీసి పారెయ్."

అన్నీ నచ్చాయి. పదకొండింటికి ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడింది. మరాకస్ నీళ్ళలో అలలెక్కువ, ఇసక లేస్తుంది. కాలి గోళ్ళు కనిపించలేదు. చాలాసేపు ఓపిగ్గా చూసింది. ఒక అల వెనక్కెళ్ళినప్పుడు రెండు కనిపించాయి.

ఒంటిగంటకి బోయ్‌సీ ఫోన్ చేశాడు. ఆరు పొయ్యిల్లో ఒక్కటీ వెలగలేదట. పీతలు పెట్టెలోంచి బయటికొచ్చాయట, ఆజీ బల్లెక్కి కూర్చుని దిగనంటోందట.

"ఆదివారం ఓడలో ఎవరో మానుకున్నారట, ఒక సీటుంది," అన్నాడు. "వచ్చెయ్ చంద్రా. నీ పడవ కూడా ఎక్కిస్తా, ఒట్టు. వంటవగానే."

చంద్రౌతి పాదాల కింద ఇసక జారుతోంది. కాస్త సర్దుకుని నిలబడింది.

"ఇంట్లో మర్చిపోయిన పెనం ఎక్కడైనా తనంతట తాను నడిచొస్తుందా, బోయ్‌సీ?"

కాబట్టి నా మాట నమ్మండి, వంటగదిని మించిన విహారం లేదు. ఈపాటికి మీ ఇంట్లో కూడా వచ్చే సెలవులకు లిస్టు రాసే ఉంటారు. ఒకసారి తీసి చూసుకోండి. మీ పేరు కుడివైపు ఉంటే బాధపడకండి, దిద్దమని అడగకండి. టికెట్లు కొనే పని మాత్రం ఎవరికీ వదలకండి.