ఓరిన్ అడిగిన తొంభై ఒకటి

ఆ శనివారం ఉదయం డెల్మర్ హాస్కిన్ చేయవలసిన పనులు మూడే. నల్లకోటు తొడుక్కోవడం, పికప్‌లో పెట్రోలు పోసుకోవడం, ముప్ఫై ఏళ్ల స్నేహితుడు ఓరిన్ స్ట్రాండ్‌ని కొండ కనుమ మీది శ్మశానానికి చేర్చడం. మూడోదానికి మాట ఇచ్చి ఉన్నాడు. "ఆ అద్దె శవవాహనంలో పంపకురా నన్ను. నీ బండిలోనే తీసుకెళ్లు, నా గుర్రాల్ని కూడా తీసుకురా" అని ఓరిన్ ఆసుపత్రి మంచం మీద నుంచి అడిగితే, సరేనన్నాడు. అరవై ఎనిమిదేళ్లలో డెల్మర్ ఇచ్చిన మాటలు తక్కువ. తప్పినవి అసలు లేవు.

సేజ్ క్రాసింగ్‌లో ఉన్న ఒక్క పెట్రోలు బంకులో పంపుకి మూడు మీటలు ఉంటాయి. 85, 88, 91. అవి పెట్రోలు ఆక్టేన్ అంకెలు, అంకె పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది. ఊరు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. "ఇక్కడ గాలి పలచన. పలచని గాలికి ఎనభై అయిదు చాలు. తొంభై ఒకటి పోసుకునేది కింద ఊళ్ల నుంచి దారి తప్పి వచ్చినవాళ్లే" అని డెల్మర్ ముప్ఫై ఏళ్లుగా కాఫీ హోటల్లో కూర్చుని చెబుతున్నాడు. కౌంటీ రోడ్లన్నీ చదును చేసిన మనిషి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు, రిపేరు షెడ్డు నడిపే ఓరిన్ తప్ప.

కిందటి వేసవిలో డెల్మర్ టర్బో ఉన్న కొత్త పికప్ కొన్నాడు. ఓరిన్ వచ్చి బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇదిగో, ఈ టర్బో ఉంది చూశావూ? ఎంత పలచని గాలినైనా పట్టి కుక్కి ఇంజన్లోకి తోస్తుంది. నువ్వు కొండమీద ఉన్నావని నీ ఇంజనుకి తెలీనే తెలీదు. ఆ అంకె పెట్రోలు ఓర్పురా. ఓర్పు లేని పెట్రోలు నిప్పురవ్వ తగలకముందే పేలిపోతుంది. బరువు లాగేటప్పుడు తొంభై ఒకటి పొయ్యి."

"ముప్ఫై ఏళ్ల నుంచీ ఎనభై అయిదే పోస్తున్నా. ఏమైంది?"

"ముప్ఫై ఏళ్లూ నీ బండికి టర్బో లేదు."

డెల్మర్ నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. బండితో వచ్చిన పుస్తకంలోనూ అదే రాసి ఉంది. అందుకే ఆ పుస్తకాన్ని కవరు విప్పకుండా అరలో పడేశాడు. ఇప్పుడూ అలవాటుగా 85 మీట నొక్కి, కనుమకి ఇరవై మైళ్లే కదా అని అరట్యాంకు పోసుకున్నాడు.

నిజానికి ఆ ఉదయం అతని ధ్యాస పెట్రోలు మీద లేదు. ఓరిన్ పోయేముందు ఒక కాగితం ముక్క మీద వంకర అక్షరాలతో నాలుగు ముక్కలు రాసి భార్య ఆర్డిత్ చేతిలో పెట్టాడు. "కనుమ ఎక్కే రోజు 91. బరువు ఎక్కువగా ఉంటుంది. డెల్మర్‌కి చెప్పు." ఆ తరవాత అతను ఏమీ రాయలేదు. ఆర్డిత్ ఆ కాగితం తెచ్చి డెల్మర్‌కి చూపించింది. చర్చిలో ప్రతి ఆదివారం పాడబోయే పాటల అంకెల్ని చెక్కపలక మీద పెట్టే బాధ్యత పద్దెనిమిదేళ్లుగా డెల్మర్‌దే. అతని చేతికి అంకె వచ్చిందంటే అది పాటే అవుతుంది. ఆర్డిత్‌కి గానీ డెల్మర్‌కి గానీ వేరే ఆలోచనే రాలేదు. బరువంటే దుఃఖభారమని ఇద్దరూ అనుకుని, ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు.

పాటల పుస్తకం తీసి చూస్తే తొంభై ఒకటో పాట నావికులది. తుఫానులో చిక్కిన ఓడని ఒడ్డుకు చేర్చమని ప్రార్థన. సేజ్ క్రాసింగ్ నుంచి సముద్రం ఎటు వెళ్లినా రెండు రోజుల ప్రయాణం. ఓరిన్‌కి పంటకాలవలో దిగాలన్నా భయమే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఊళ్లో అందరికీ ఒక్కసారిగా జ్ఞాపకాలు పుట్టుకొచ్చాయి. పశువుల చెరువు గట్టున ఓరిన్ గంటల తరబడి నిలబడి నీళ్లకేసి చూసేవాడని ఒకరన్నారు. పూలదుకాణం ఆవిడ పూలదండ మానేసి పూలతో లంగరు కట్టి పంపింది. పాస్టర్ క్విల్ రాసుకున్న ప్రసంగం చింపేసి, మనిషి గుండెలో దాచుకున్న సముద్రం గురించి కొత్తది రాశాడు. చర్చిలో ఆయన అది నలభై నిమిషాలు చెప్పాడు. రైతులు, గొర్రెల కాపరులు, గొంతెత్తి అలల గురించి పాడారు. ఆర్డిత్ మాత్రం పాడలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని లంగరుకేసి చూస్తూ కూర్చుంది.

పదిన్నరకి ఊరేగింపు బయలుదేరింది. పికప్‌లో శవపేటిక, వెనక ట్రెయిలర్‌లో ఓరిన్ పెంచిన రెండు బండి గుర్రాలు. శ్మశానం గేటు నుంచి సమాధి దాకా అవి అతన్ని గుర్రబ్బండి మీద లాగాలి. డెల్మర్ పక్కన ఆర్డిత్ కూర్చుంది. వెనక పంతొమ్మిది కార్లు లైట్లు వేసుకుని వస్తున్నాయి.

మూడు మైళ్లు దాటాయి. ఆర్డిత్ కిటికీలోంచి చూస్తూ అంది.

"నలభై ఒక్క ఏళ్లు కాపురం చేశాను డెల్మర్. ఒక్కరోజు కూడా సముద్రమనే మాట నా దగ్గర ఎత్తలేదు. నీతో ఏమైనా అన్నాడా?"

"లేదు ఆర్డిత్."

"అంత పెద్ద కోరిక దాచుకున్నాడంటే, నేను అడగనివ్వలేదనేగా? మూడు రోజులుగా నాకు అదే బాధ. నేనెవరితో బతికానో నాకే తెలీదేమో."

డెల్మర్ అద్దంలో వెనక కార్ల లైట్లు చూశాడు. రోడ్డు నిటారుగా లేచింది, అతను యాక్సిలరేటర్ తొక్కాడు. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు మొదలైంది.

"ఏమిటా చప్పుడు?"

"గుర్రాలు. కాళ్లు తాటిస్తున్నాయి."

ఆర్డిత్ కాసేపు విన్నది. "గుర్రాలు వెనక ఉన్నాయి. చప్పుడు ముందు నుంచి వస్తోంది."

డెల్మర్ ఎదురుగా ఇంజను హెచ్చరిక దీపం పసుపుగా వెలిగింది. వేగం నలభై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి పదికి దిగింది. వెనకవాళ్లు దాన్ని మర్యాద అనుకుని ఇంకా నెమ్మదించారు. మరో మలుపు దాటాక పికప్ నిట్టూర్చి ఆగిపోయింది.

"బరువు ఎక్కువైంది" అన్నాడు డెల్మర్. ఆ మాట తన నోటి నుంచే బయటికి వచ్చాక అతనికి ఓరిన్ కాగితం గుర్తొచ్చింది. కనుమ ఎక్కే రోజు. బరువు ఎక్కువగా ఉంటుంది. డెల్మర్‌కి చెప్పు.

తలుపు తీసుకుని దిగాడు. కార్ల లోంచి జనం దిగుతున్నారు. ముప్ఫై ఏళ్లు వీళ్లందరికీ తను పాఠం చెప్పాడు. ఇప్పుడు వీళ్ల ముందే అడగాలి. అడక్కపోతే ఓరిన్ ఈ మలుపులోనే ఉండిపోతాడు. డెల్మర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తొంభై ఒకటి కావాలి" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాడు. "ఎవరి దగ్గరైనా తొంభై ఒకటి ఉందా?"

అందరూ తలలూపారు. పాటల పుస్తకాలు తెరుచుకున్నాయి. పాస్టర్ క్విల్ చెయ్యెత్తి శ్రుతి ఇచ్చాడు. తొమ్మిది వేల అడుగుల ఎత్తున, కొండ అంచున, యాభై మంది ఓడని ఒడ్డుకు చేర్చమని పాడటం మొదలుపెట్టారు. చావు దగ్గర పాటని మధ్యలో ఆపే మనిషి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. నాలుగు చరణాలు. డెల్మర్ తల వంచుకుని నిలబడ్డాడు.

రెండో చరణంలో ఆర్డిత్ దిగి వచ్చి పక్కన నిలబడింది. ఆమె మొహం చూడగానే డెల్మర్ ఇక ఆగలేకపోయాడు.

"ఆర్డిత్, అది పాట కాదు. పెట్రోలు."

"ఏమిటీ?"

"తొంభై ఒకటి పెట్రోలు. ఈ బండికి అదే పొయ్యమని ఏడాదిగా చెబుతున్నాడు. నేనే వినలేదు. పొద్దున కూడా ఎనభై అయిదే పోశాను. ఎక్కలేనని ముందే తెలుసు వాడికి. నువ్వు నా పక్కన కూర్చుంటావనీ తెలుసు. నిన్ను రోడ్డు మీద నిలబెడతానని భయపడి రాశాడు. తప్పు నాది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి అంటున్నా."

ఆర్డిత్ అతన్నే చూసింది. "అయితే సముద్రం?"

"లేదు."

"పెట్రోలా?"

"పెట్రోలే."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. జనం ఆమె ఏడుస్తోందనుకుని, గొంతు పెంచి చరణం మళ్లీ ఎత్తుకున్నారు. చేతులు తీసేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు, కానీ మొహంలో మూడు రోజుల బరువు లేదు. "అదీ మా ఓరిన్ అంటే" అంది నెమ్మదిగా. "పోతూ పోతూ కూడా ఎవరి బండి గురించో. ఆ మనిషినే చేసుకున్నాను."

పాట ముగిశాక డెల్మర్ పాస్టర్ దగ్గరికి వెళ్లి, తను అడిగింది పెట్రోలనీ, ట్యాంకులో పొయ్యాలనీ విడమరచి చెప్పాడు. పాస్టర్ మొహం కొంచెం ఎర్రబడింది. సమాధి దగ్గర పని అయిపోగానే రిజర్వాయరుకి చేపల వేటకి వెళ్లాలని ఆయన కారు డిక్కీలో గాలం, పడవ ఇంజనుకి రెండు క్యాన్ల తొంభై ఒకటి పెట్టుకున్నాడు. అవి బయటికి తీస్తుంటే అందరూ మర్యాదగా కొండలకేసి చూశారు.

"మీ స్నేహం గొప్పది డెల్మర్. బండికి కూడా ఆయన కోరుకున్న అంకే పొయ్యాలనుకున్నారు" అన్నాడు పాస్టర్, గాలాన్ని డిక్కీలో పరిచిన చాపకింద తోస్తూ.

డెల్మర్ ఆర్డిత్‌కేసి చూశాడు. ఆర్డిత్ కూడా మర్యాదగా కొండలకేసి చూసింది. అతను క్యాను మూత తిప్పాడు.

సగం ఎనభై అయిదు, సగం తొంభై ఒకటి కలిసిన పెట్రోలుతో, కాసేపు చల్లారిన ఇంజనుతో, పికప్ మూలుగుతూనే కనుమ ఎక్కింది. గుర్రాలు ఓరిన్‌ని గేటు నుంచి సమాధి దాకా లాగాయి. డెల్మర్ మొదటి పిడికెడు మట్టి వేసి, ఎవరికీ వినపడకుండా, "నువ్వన్నదే నిజంరా" అన్నాడు. ఆ మాట ఓరిన్ బతికుండగా అనలేకపోయినందుకు అతనికి నిజంగానే ఏడుపు వచ్చింది.

ఆ రోజు నుంచీ డెల్మర్ తొంభై ఒకటి తప్ప ముట్టుకోవడం లేదు. ఎందుకలా మారావని కాఫీ హోటల్లో ఎవరైనా అడిగితే, "కొండమీద ఎనభై అయిదు చాలు, అందులో సందేహం లేదు, కానీ చచ్చిపోయినవాడి ఆఖరి కోరిక ఎలా కాదంటాం?" అంటాడు.