పావుకిలో లీకు

సోమవారం పొద్దున్న పాయింటు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా కొత్త పెట్టెను జిగురు ట్యాంకుకు తగిలించాలి. సాయంత్రానికల్లా బావగారి నోట 'భేష్' అనిపించుకోవాలి. ఎవరు ఏ కొలత చెప్పినా "పాయింటు తర్వాత ఎంత?" అని పీక్కుతినడం వల్ల ఇంజినీరుగారికి ఫ్యాక్టరీలో ఆ పేరే స్థిరపడిపోయింది. ఫ్యాక్టరీ అక్కది. దాన్ని నడిపించే మేనేజరు బావగారు.

ట్యాంకు నాలుగు కాళ్ల కిందా బరువును పసిగట్టే సెన్సర్లున్నాయి. వాటి మాటను అంకెల్లోకి మార్చే పాత పెట్టె మాత్రం శుద్ధ మొద్దు. ఐదు కిలోల తేడా వస్తే తప్ప కళ్లు తెరవదు. శుక్రవారం తనిఖీకి రాబోయే పెద్ద కంపెనీవాళ్లేమో వంద గ్రాముల తేడా కూడా కనిపించాలన్నారు. కనిపించకపోతే ఆర్డరు లేదు.

కొత్తది ఎంచుకునే రోజున ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది.

"పదహారు బిట్లది చాలదటోయ్? ఇరవై నాలుగు బిట్లు దేనికి? జిగురు కొనేవాడు చెంచాతో కొలుచుకుంటాడా?" అన్నారు బావగారు.

"బిట్లు పెరిగేకొద్దీ కొలిచే మెట్లు చిన్నవవుతాయి బావగారూ. ఇదైతే ఇరవై గ్రాములు కూడా పట్టేస్తుంది."

"పట్టుకుని ఏం చేసుకుంటుంది?"

"వాడు చెప్పిందే కొందాం" అని అక్క సంతకం పెట్టేసింది. బావగారు ఆమె ఇచ్చిన కీరదోసకాయ ముక్కల డబ్బా పట్టుకుని నిట్టూర్చారు. డాక్టరు తీపి మానమన్నప్పటి నుంచీ ఆయన మధ్యాహ్న భోజనం అదే.

పరీక్ష కోసం ట్యాంకు నింపి, వాల్వులన్నీ బిగించారు. శుక్రవారం దాకా ఎవరూ చుక్క తీయడానికి వీల్లేదు. అంటే అంకె రాయిలా నిలబడాలి. సోమవారం ఒంటిగంట దాకా నిలబడింది కూడా. భోజనం వేళ కరెంటు ఆదా కోసం కంప్యూటర్లన్నీ ఆపాలన్నది బావగారి నియమం. పాయింటు ఆపాడు. రెండింటికి మళ్లీ పెడితే బరువు రెండొందల యాభై గ్రాములు తగ్గింది.

"లీకు!" అని గావుకేక పెట్టారు బావగారు.

ఫిట్టరు వాల్వులన్నీ మళ్లీ బిగించాడు. మంగళవారం మధ్యాహ్నం మూడొందల పది తగ్గింది. ట్యాంకు కింద తెల్లకాగితాలు పరిచారు. ఒక్క మరక లేదు. ఆవిరైపోతోందని మూత చుట్టూ టేపు వేశారు. బుధవారం నాలుగొందల ఇరవై తగ్గింది. లీకు పెరిగేకొద్దీ బావగారికి కంగారు, ఆయన కంగారు పెరిగేకొద్దీ లీకు. పాయింటు అన్నం ముందు కూర్చుని కూడా వేళ్లమీద తీసివేతలు చేస్తున్నాడు.

గురువారం బరువు కిలోన్నర పెరిగింది.

ఫిట్టరు నోరు తెరిచాడు. "పాయింటుగారూ, ట్యాంకు గానీ కడుపుతో ఉందంటారా?"

"ట్యాంకుకేం రోగం! ఆ పెట్టెకే పిచ్చెక్కింది. రేపు వాళ్ల ముందు పరువు పోయాక దాన్ని తిప్పి పంపించెయ్" అన్నారు బావగారు.

పాయింటుకు ఏడుపొకటే తక్కువ. శుక్రవారం ఒంటిగంటకు మొదటిసారి నియమం తప్పాడు. తెర ఆపాడు గానీ పెట్టెను, కంప్యూటరునూ ఆపలేదు.

రెండింటికి తనిఖీ అధికారిణి వచ్చింది. ఆమె పక్కన అక్క, వెనకాల బావగారు. పాయింటు తెర వెలిగించాడు. భోజనం గంటంతా గీతగా పరుచుకుని ఉంది. ఒంటిగంటా పదికి అది గోడలా నిటారుగా లేచింది. ఒంటిగంటా నలభైకి అంతే నిటారుగా పడిపోయింది. నడుమ చిన్న చిన్న కుదుపులు.

అధికారిణి కళ్లజోడు సవరించుకుంది. "ఇది లీకు కాదండీ, మనిషి. ఎక్కినప్పుడు ఎనభై నాలుగు కిలోల ఆరొందల గ్రాములు. దిగినప్పుడు ఎనభై ఐదు కిలోల అరవై గ్రాములు. పైన దాచి ఉన్నదేదో నాలుగొందల అరవై గ్రాములు తిని దిగాడు."

అందరి తలలూ పైకి లేచాయి. ట్యాంకు పక్కన ఎత్తులో చిన్న ఇనుప అరుగు, దానికో నిచ్చెన. నలుగురి కంటా పడకుండా కూర్చోవడానికి ఫ్యాక్టరీలో అంతకన్నా మంచి చోటు లేదు. అది గోడకు కాదు, ట్యాంకుకే వెల్డింగు చేసి ఉందన్న సంగతి అక్కడ రోజూ కూర్చునే మనిషికి ఎన్నడూ తట్టలేదు.

ఫిట్టరు గబగబా ఎక్కి, పైపు వెనక నుంచి రేకు డబ్బా ఒకటి తీసుకుని దిగాడు. నిండా క్రీము బిస్కెట్లు. అది కిందికి రాగానే తెర మీద అంకె కిలో పైచిలుకు తగ్గింది. గురువారం ట్యాంకు కడుపు సంగతేమిటో కూడా తేలిపోయింది.

అక్క మెల్లగా వెనక్కి తిరిగింది. "మీరు డెబ్బై ఎనిమిది అన్నారు కదండీ?"

బావగారి మీసం చివర క్రీము మెరుస్తోంది. "సెన్సరు... తప్పు చూపిస్తోందేమో."

"చూపించొచ్చు బావగారూ. ఓ ఇరవై గ్రాములు అటూ ఇటూ" అన్నాడు పాయింటు. అయ్యో పాపం అనిపించింది గానీ, వారం రోజుల తర్వాత మొదటిసారి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అధికారిణి నవ్వు ఆపుకోలేక కాగితాలు అడ్డం పెట్టుకుంది. "మనిషి తిన్న బిస్కెట్లు లెక్కచెప్పే పెట్టెను నేనింతవరకు చూళ్లేదు. ఇంకేం పరీక్ష పెట్టమంటారు?" అంటూ సంతకం పెట్టేసింది. బావగారు కూడా ఆఖరికి తల వంచుకునే "భేష్" అన్నారు. ఎవరిని అన్నారో తెలియలేదు.

ఆ సాయంత్రమే పాయింటుకు ఇంకో ఆర్డరు వచ్చింది: అక్క పడగ్గదికి, ఇరవై నాలుగు బిట్ల తూకం యంత్రం ఒకటి.