పరగడుపున ఎనిమిది అంతస్తులు

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలి. నా షుగరేమో దిగనని మూడు నెలలుగా భీష్మించుకు కూర్చుంది. దాన్ని ఒక్క పూటలో దించేయాలని ఆదివారం పొద్దున్నే పథకం వేశాను. మాత్ర వేసుకోవడం, టిఫిను ఎగ్గొట్టడం, మేముండే భవనం ఎనిమిది అంతస్తులూ రెండుసార్లు ఎక్కడం!

ప్రెస్సులో ఇతరుల తప్పులు దిద్దడం నా ఉద్యోగం. నా తప్పులు దిద్దడం మా ఆవిడ ఉద్యోగం. ఆవిడకి సెలవుల్లేవు.

"తిన్నారా?" అంది వంటింట్లోంచి.

"తిన్నాను" అన్నాను, టిఫినుని పాత పేపర్లో చుట్టి బీరువాలో చొక్కాల వెనక్కి తోస్తూ.

"ఇంత తొందరగానా?"

"అంత బాగా చేశావు మరి!"

ఆవిడ అనుమానంగా చూసింది. పాతికేళ్ల కాపురంలో వంట మెచ్చుకున్నది నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఏదో దాచడానికే.

"పార్కుకెళ్లొస్తా" అని బయటపడ్డాను.

మొదటి విడత కులాసాగా గడిచింది. రెండో విడతలో ఉన్నట్టుండి చేతులు వణికాయి. ఒళ్లంతా చల్లటి చెమట. గోడ మీది అంకె ఆరో తొమ్మిదో తెలియలేదు. అందరూ లిఫ్టులో తిరిగేవాళ్లే, మెట్ల మీద నరపురుగు లేదు.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారు?"

"పా... పార్కులో."

"పార్కుకి గోడలెప్పుడు కట్టారు? మీ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. బీరువాలో టిఫిను చూశాను. మెట్ల మీదేగా? ఏ అంతస్తు?"

"తొమ్మిది."

"మనకున్నవే ఎనిమిది! అక్కడే కూర్చోండి. ఫోను పెట్టెయ్యకండి, ఏదో ఒకటి మాట్లాడండి."

ఏం మాట్లాడానో గుర్తులేదు. కింద చెప్పుల చప్పుడు పరిగెత్తుకొస్తోంది. దగ్గరికొచ్చేకొద్దీ నాకు దూరమైపోతున్నట్టుంది. అప్పుడు నిజంగా భయమేసింది.

గ్లాసు పెదాలకి తగిలింది. "గ్లూకోజు నీళ్లు. మెల్లిగా మింగండి."

మింగాను. ఆవిడ నా వేలికి సూది గుచ్చి మిషను చూసింది. యాభై నాలుగు.

"చూశావా, ఎలా దించానో!" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మీ చెయ్యి ఎందుకు వణికిందో ఈ మిషను చెప్పింది. నాదెందుకు వణుకుతోందో చెప్పే మిషనుందా?"

పావుగంట తర్వాత మళ్లీ గుచ్చితే తొంభై దాటింది. బీరువాలోని టిఫిను ఆవిడ ఎదురుగా ఆఖరి ముక్కదాకా తిన్నాను.

మర్నాడు డాక్టరుగారు మొత్తం విని తల పట్టుకున్నారు.

"ఈ మాత్రలు వేసుకుని తినకుండా ఎక్సర్‌సైజ్ చేస్తే ఏమవుతుందో తెలిసిందిగా? తిన్నాక నడవండి. జేబులో గ్లూకోజు, పక్కన మనిషి ఉండాలి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు."

"మనిషిని చూసేశాను డాక్టరుగారూ" అంది మా ఆవిడ. "మా అమ్మ."

నెల నుంచీ అత్తగారితో నడుస్తున్నాను. షుగరు దారికొచ్చింది. వేగం సరిగ్గా ఉందో లేదో మాత్రం ఇంతవరకూ తేలలేదు. మాట్లాడి చూద్దామంటే ఆవిడ నా మాటకి సందిస్తేగా!