పొమ్మంటే పోని ‘వీడ్కోలు’

కంప్యూటర్ ఆన్ చేయగానే మీకంటే ముందు ఎవరో లేచి కూర్చుంటున్నారా? అయితే మీరు అదృష్టవంతులు! ఈ రోజుల్లో మన కోసం తెల్లారకముందే లేచేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి? కన్నపిల్లలు లేవరు, కట్టుకున్నవాళ్ళు లేవరు. లేస్తే గీస్తే ఒక్క సాఫ్ట్‌వేరే లేవాలి.

అందులోనూ అక్కర్లేని ప్రోగ్రాములను తీసేస్తానని వచ్చే సాఫ్ట్‌వేర్ ఉందే, దాని నిష్ఠే వేరు. మీరు దాన్ని పిలిచింది చెత్త ఊడవడానికి. అది వచ్చి, ఊడ్చి, చీపురు మూలన పెట్టి, ఆ మూలనే చాప పరుచుకుని పడుకుంటుంది. రేపు మళ్ళీ చెత్త పడితే? ఎల్లుండి పడితే? అంత ముందుచూపు మన వీధికి వచ్చే చెత్తబండికైనా ఉందా?

ఆ ముందుచూపుకు మాటలు సమకూర్చే ఉద్యోగం నీహారికది. ఖాజాగూడ పిల్ల. రాయదుర్గం మెట్రో దిగగానే కనిపించే అద్దాల మేడల్లో ఒకదానిలో కూర్చుని, ‘వీడ్కోలు’ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ సందేహాలకు జవాబులు రాసేది. వచ్చే సందేహాల్లో ముప్పాతిక వంతు ఒకటే: ‘వేరేవాటిని తీసేయడానికి పెట్టుకున్నాం కదా, ఇది కంప్యూటర్ ఆన్ కాగానే లేచే స్టార్టప్ జాబితాలోకి ఎందుకొచ్చింది?’

జనం ఎంత కృతఘ్నులో చూడండి!

దీనికి మేనేజర్ సుబ్బరాయుడు గారి దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. “చూడండి నీహారిక గారూ, కొత్త ప్రోగ్రామ్ దిగేటప్పుడు ఏ సామాను ఏ గదిలో పెడుతోందో మనం గమనిస్తేనే కదండీ, రేపు పూర్తిగా ఖాళీ చేయించగలం! అందుకే ముందొచ్చి కూర్చుంటామన్నమాట.” అంటే పెళ్ళికి అందరికంటే ముందొచ్చి, ఏ బిందె ఎవరు పెట్టారో గుర్తుపెట్టుకునే విడాకుల లాయరు! అలాంటి శ్రేయోభిలాషి ఎవరికి చేదు? నీహారిక ఆ జవాబును చక్కటి మాటల్లో పెట్టేది. పైగా నమ్మేది కూడా.

ఆ నమ్మకానికి పరీక్ష కంపెనీయే పెట్టింది. ఉద్యోగులంతా తమ చుట్టాల కంప్యూటర్లలో ‘వీడ్కోలు’ వేయించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఈ ఐటీ కారిడార్‌లో ఇదొక ఆచారం. కంపెనీ సరుకు సొంతవాళ్ళ నెత్తిన రుద్దకపోతే కంపెనీ బిడ్డలం ఎలా అవుతాం? నీహారికకు మొదట గుర్తొచ్చింది తల్లి. వసంత ఖాజాగూడ చెరువు దారిలో జిరాక్స్ దుకాణం నడుపుతుంది. ఆ దుకాణం మీదే కూతుర్ని చదివించింది. అక్కడున్నది ఒకే ఒక్క పాత కంప్యూటర్. నీహారిక తన చేత్తోనే, తన పేరు మీదే అందులో ‘వీడ్కోలు’ ఎక్కించింది.

మర్నాటి నుంచి వసంతకు తీరిక దొరికింది. అదెంత వరం! ఇదివరకు షట్టర్ ఎత్తింది మొదలు ఊపిరి సలిపేది కాదు. మేడల్లో కొత్తగా డ్యూటీకి చేరేవాళ్ళంతా పొద్దున్నే వచ్చి, ఫోన్‌లో ఉన్న కాగితాలు ప్రింట్ తీయించుకుని పరుగెత్తేవారు. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేసి, టీ తాగి, వాకిలి ఊడ్చి, దేవుడికి అగరొత్తి ముట్టించి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది.

ఒక పొద్దున సాయిలు వచ్చాడు. ఆ మేడల్లో ఒకదానిలో సెక్యూరిటీ గార్డుగా అతనికి అదే మొదటి రోజు.

“అక్కా, పోలీస్ వెరిఫికేషన్ కాయితం. జర జల్ది తియ్యరాదు, గేటు కాడ సూపర్‌వైజర్ చూస్తున్నడు.”

“అయితది తమ్మీ, జర ఆగు. తెరుసుకుంటున్నది.”

సాయిలు ఆగాడు. చక్రం ఆగలేదు. చివరికి అతను ఎదురు దుకాణంలోకి వెళ్ళాడు. వెనక నిలబడ్డవాళ్ళూ అటే నడిచారు. మర్నాటి నుంచి అందరూ నేరుగా అక్కడికే పోసాగారు.

“ఏం ఎక్కించినవే బిడ్డా గిండ్ల?” అంది వసంత ఆ సాయంత్రం. “గిట్లనే ఉంటె ఇగ షట్టర్ దించుకునుడే.”

నీహారిక ఎంతైనా లోపలి మనిషి. చిటికెలో తీసేస్తాననుకుంది. తీసేయమని నొక్కితే, నిజంగానా అని అడిగింది సాఫ్ట్‌వేర్. నిజంగానే అంటే, మా వల్ల ఏం తప్పు జరిగిందంది. ఏమీ లేదు పొమ్మంటే, మరోసారి ఆలోచించుకోమంది. ఆలోచించాను తల్లీ అంటే, కన్నీళ్ళు కారుస్తున్న బొమ్మ చూపించింది. అలిగిన కొత్తల్లుడు కూడా ఇంత బతిమాలించుకోడు! ఎట్టకేలకు వెళ్ళింది. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మూలన చిన్న డబ్బా: ‘వీడ్కోలు సహాయకుడు పనిచేస్తున్నాడు.’

ఇదేమిటని అడిగితే సుబ్బరాయుడు గారు జాలిగా చూశారు. “మనం పూర్తిగా వెళ్ళామో లేదో చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదండీ!”

పోయినవాడు వెనక్కొచ్చి, తన మంచం ఖాళీ అయిందో లేదో చూసుకోవడం ఎక్కడైనా ఉందా? మన సైబరాబాద్‌లో ఉంది. గర్వపడదాం!

నీహారిక గర్వపడలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. తన చేత్తో తల్లి దుకాణానికి తాళం వేసినట్టు అనిపించి ఏడుపొచ్చింది. ఆ మధ్యాహ్నమే కంపెనీ సహాయ పేజీలో ఉన్న పాత జవాబు తుడిచేసి కొత్తది రాసింది: ‘ఇది స్టార్టప్‌లో ఉండాల్సిన అవసరం మీకు లేదు. మాకే ఉంది. ఆపాలంటే ఇలా ఆపండి.’ ఆపే పద్ధతి కూడా వివరంగా పెట్టింది. సాయంత్రం దుకాణంలోనూ అలాగే ఆపింది. కంప్యూటర్ చిటికెలో తెరుచుకుంది. పేజీ చదివినవాళ్ళు ఆమెను దీవించారు. పాపం, తాము ఎంత గొప్ప కాపలా పోగొట్టుకుంటున్నారో వాళ్ళకేం తెలుసు!

కంపెనీకి తెలుసు. రెండ్రోజుల తర్వాత నీహారిక ఆఫీసు గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రదీపమే. అక్కడ కాపలా ఉన్నది సాయిలే.

“నువ్వు వసంతక్క బిడ్డవు గదా?” అన్నాడు నొచ్చుకుంటూ. “నీ పేరు తీసేసిన్రట మేడమ్. లోపటికి ఇడ్వొద్దన్నరు.”

నిజంగానా అని ఎవరూ అడగలేదు. మరోసారి ఆలోచించుకోలేదు. కన్నీళ్ళ బొమ్మ సంగతి సరేసరి. ఆమె కుర్చీలో ఒక సహాయకుడినైనా మిగల్చలేదు. ఎంత శుభ్రమైన తొలగింపు! ఇంత గొప్ప విద్య చేతిలో ఉంచుకుని, తన సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఎందుకు నేర్పలేదో ఆ కంపెనీ!

నీహారిక నేరుగా దుకాణానికి వచ్చింది. జరిగింది చెప్పింది. వసంత కంప్యూటర్ ఆన్ చేసింది. చక్రం తిరిగింది, తిరిగింది. రాత్రికి రాత్రే కొత్త అప్‌డేట్ దిగినట్టుంది, మూలన డబ్బా మళ్ళీ లేచింది: ‘శుభోదయం నీహారికా! ఎప్పటికీ మీ వెంటే ఉంటాం.’

వసంత ఆ డబ్బాను చూసింది, కూతురి మొహం చూసింది.

“నిన్నేమో అడుగకుండ పొమ్మన్నరు. గిదేమో పొమ్మన్నా పోదా?”

కాబట్టి చదువరులారా, ఇక మీ పిల్లలను ఇంజనీర్లను చేయకండి. తెర మూలన కూర్చునే సహాయకులను చేయండి. ఈ కారిడార్‌లో ఎవరూ తీసేయలేని ఉద్యోగం అదొక్కటే.