ఏనుగు, మూడో అంతస్తు

ఉదయం ఎనిమిదింటికి డాక్టరమ్మ ఆసుపత్రికి బయలుదేరుతూ హాల్లో ఉన్న అట్టపెట్టెను కాలితో గోడ పక్కకు జరిపింది. "నాన్నా, పెట్టె మీద రాసి పెట్టాను. దాని సంగతి కాస్త చూడు," అని, జవాబు వినకుండానే మెట్లు దిగింది. పది రోజులుండి పోదామని వచ్చిన పెద్దాయనకు అది ఆరో రోజు. ఈ ఇంట్లో ఆయనకు ఒకరు పని చెప్పడం అదే మొదలు.

ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు పోస్ట్‌మ్యాన్‌గా చేసి తొమ్మిదేళ్ళ కిందట రిటైరయ్యాడు. వానలో తడిసిన ఉత్తరాలు, ఇంటి నంబరు లేని ఉత్తరాలు, పేరు సగం చెరిగిన ఉత్తరాలు చేర్చినవాడు. చదవలేని చీటీలొస్తే మందుల షాపువాళ్ళు ఆయన్నే పిలిచేవారు. అలాంటివాడికి కన్నకూతురి రాత ఒక లెక్కా? కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా పెట్టె మీదికి వంగాడు. ఎర్ర స్కెచ్‌పెన్నుతో మూడక్షరాలు. "పంచాలి," అని పైకి చదివాడు. ఒంట్లోకి రక్తం కొత్తగా ఎక్కినట్టయింది.

పెట్టెలో మనవరాలు మూడేళ్ళ వయసు నుంచి ఏడేళ్ళ దాకా వేసిన బొమ్మలు, మట్టితో, అట్టతో చేసిన వస్తువులు ఉన్నాయి. మొత్తం ఇరవై మూడు. పంచడం సరే, ఎవరికి? ఆయన అలవాటు కొద్దీ ఒక బొమ్మను తిరగేశాడు. ముందు వైపు బొమ్మ ఉంటే వెనక వైపు చిరునామా ఉంటుంది. పిక్చర్ పోస్టుకార్డులు ఎన్ని వేలు పంచలేదు? వెనక డాక్టరమ్మ పెన్సిలుతో రాసిన ఒక్క మాట ఉంది: ఏనుగు. ఇంకోదాని వెనక నిప్పుకోడి. మట్టి ముద్ద అడుగున తాబేలు. అసంపూర్ణ చిరునామాలు. ఇంతకంటే ఘోరమైనవి చేర్చాడాయన. ఇలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే, ఊరి గురించి తెలిసినవాణ్ణి అడగాలి. పెట్టె చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, ఈ బిల్డింగులో ఏనుగెవరు?"

వాచ్‌మన్ పేపర్లోంచి తలెత్తలేదు. "మూడో అంతస్తు. మూడొందల రెండు."

"తాబేలు?"

"రెండొందల ఒకటి, లాయరుగారు. మా బావమరిది స్థలం కేసు ఆయన దగ్గరే ఉంది. పదకొండేళ్ళయింది."

"నిప్పుకోడి?"

"నూట నాలుగు టీచరమ్మ. మెడ చూస్తే మీకే తెలుస్తుంది."

"మరి దెయ్యం?"

వాచ్‌మన్ పేపరు మడిచాడు. "ఇవన్నీ మీకెవరు చెప్పారు సార్? నేను ఎవరి దగ్గరా అనలేదే."

"నువ్వు అనడమేంటయ్యా, రాసుంటేనూ."

వాచ్‌మన్ బొమ్మల వెనక ఉన్న అక్షరాలు చూసి తేలికపడ్డాడు. "డాక్టరమ్మగారూ అంటున్నారన్నమాట. దెయ్యమంటే నాలుగో అంతస్తు బ్యూటీపార్లరావిడ. పొద్దున్నే మొహానికి తెల్లగా ఏదో పూసుకుని పాలకొస్తుంది. నా పేరు మాత్రం ఎత్తకండి సార్."

పెద్దాయన అంతస్తుల వారీగా బొమ్మలు సర్ది, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదే తిరిగాడు. గంట రెండుసార్లు నొక్కడం, "పోస్ట్" అని కేకేయడం, "మీకే వచ్చిందండీ" అని చేతిలో పెట్టి మారుమాట లేకుండా వెళ్ళిపోవడం. ఇంట్లో మనుషులు లేనిచోట తలుపు సందులోంచి లోపలికి తోశాడు. ఒంటిగంటకల్లా పెట్టె ఖాళీ అయింది. మోకాళ్ళు నొప్పెట్టాయి. ఆ నొప్పి చాలాకాలానికి ఇంటికొచ్చిన చుట్టంలా అనిపించింది. కడుపునిండా తిని పడుకున్నాడు.

మూడింటికి ఫోను మోగింది.

"నాన్నా, పెట్టె సంగతి చూశావా?"

"ఎప్పుడో అయిపోయిందమ్మా."

"అటక మీద పెట్టేశావా? నిచ్చెన చూసుకుని దిగావు కదా? మూడు నెలలు కూర్చుని తొమ్మిదొందల్లోంచి అవి ఏరాను నాన్నా. మిగతావన్నీ పాతకాగితాలవాడికిచ్చేశా. దాని చిన్నతనమంటూ మిగిలింది ఆ ఇరవై మూడే."

పెద్దాయన ఫోను పెట్టేసి, కళ్ళజోడు పెట్టుకుని, పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదటి అక్షరాన్ని వేలితో దిద్దాడు. ఏ వైపు నుంచి దిద్దినా అది ప కాలేదు. అది ఉ. ఉంచాలి.

ఆయన సర్వీసులో ఇచ్చిన ఉత్తరాన్ని వెనక్కి అడిగింది లేదు. అందుకున్నాక అది అందుకున్నవాడి సొత్తు. ఎలా అడగాలా అని చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో మూడొందల రెండాయన. గుమ్మం నిండిపోయింది. ఆయన వెనక మెట్ల మీద లాయరు, టీచరు, ఇంకా చాలామంది, ఎవరి బొమ్మ వాళ్ళ చేతిలో పట్టుకుని ఉన్నారు.

"పెద్దాయనా, నేను ఏనుగునా?"

"అయ్యో, ఎవరన్నారండీ?"

"మీరే అన్నారు. 'మీకే వచ్చింది' అని మరీ ఇచ్చారు."

"నేను పరువునష్టం దావా వేస్తాను," అన్నాడు లాయరు.

"వెయ్యండి," అంది టీచరు. "తీర్పు మీ మనవలు వింటారు."

"అందుకేగా తాబేలన్నారు," అని మెట్ల మీంచి ఎవరో అన్నారు. నవ్వు పైఅంతస్తు దాకా పాకింది. లాయరు వెనక్కి తిరిగేసరికి అందరూ సీలింగు చూస్తున్నారు.

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాది. పంచాలి అని చదివాను, ఉంచాలి అని రాసుంది. అవి ఎవరి మీదా వేసినవి కావు. పసిపిల్ల, ఏనుగును వేసింది, తాబేలును చేసింది, అంతే. ఇవి తప్ప దాని బొమ్మలు ఇంకేమీ లేవు. ఆరింటికి నా కూతురొస్తుంది. దయచేసి పెట్టెలో వేసేయండి."

"ఇంతకీ ఏనుగు నా ఇంటికే ఎందుకొచ్చింది?"

"తపాలా శాఖలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పరండీ."

వాచ్‌మన్ అప్పటికే నీళ్ళ మోటారు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

చేతులు జోడించిన ముసలివాణ్ణి ఎంతసేపని కోప్పడతారు? ఒక్కొక్కరే వచ్చి పెట్టెలో వేశారు. పెద్దాయన లోపల్లోపల లెక్కపెట్టాడు. ఇరవై రెండు. ఒక్క ఏనుగు మిగిలింది. మూడొందల రెండాయన దాన్ని పెట్టె దాకా తెచ్చి ఆగాడు. అదే సమయానికి మనవరాలు బడి సంచీతో మెట్లెక్కి వచ్చింది.

"పాపా, ఇది ఏనుగే కదమ్మా?" అని అడిగాడాయన. అవునను, అవునను అని పెద్దాయన వెనకనుంచి తల ఊపుతున్నాడు.

"కాదు. మీరే," అంది పిల్ల.

పెద్దాయన గోడకు ఆనుకున్నాడు.

"మరి ఈ తొండం?"

"తొండం కాదంకుల్, చెయ్యి. నేను రోజూ లేటుగా పరిగెత్తుకొస్తానుగా, మీరు లిఫ్టు తలుపు మూసుకోకుండా చెయ్యి పెట్టి పట్టుకుంటారు. అందుకే పొడుగ్గా వేశా."

"వెనక ఏనుగని ఉందే?"

"అది అమ్మ రాసింది. అమ్మకి బొమ్మలు చదవడం రాదు."

మూడొందల రెండాయన బొమ్మను కంటికి దగ్గరగా, తర్వాత దూరంగా పట్టుకుని చూశాడు. లాయరు పెట్టెలో చెయ్యి పెట్టి మట్టి ముద్ద తీశాడు. "ఇదేంటమ్మా మరి?"

"మీరే. వీపు మీద ఉన్నది డిప్ప కాదు, మీ ఫైళ్ళ సంచి. బరువు కదా, అందుకే వంగారు."

"నా సంచి బరువని మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు," అన్నాడు లాయరు మెల్లగా.

నిప్పుకోడి మెడేమో, టీచరు కిటికీలోంచి తొంగి చూసి గుడ్‌మార్నింగ్ చెప్పే మెడ. బస్సు మాత్రం బస్సే. అయినా ఒకటో అంతస్తు డ్రైవరు దాన్ని వదల్లేదు. రెండు నిమిషాల్లో పెట్టె మళ్ళీ ఖాళీ కావచ్చింది. పెద్దాయన అడ్డం పడ్డాడు. "అయ్యా, అమ్మా, వాటిని ఉంచాలండీ."

"ఉంచుతాం. మా ఇంట్లో," అంటూ మూడొందల రెండాయన లిఫ్టెక్కాడు.

చివరికి బ్యూటీపార్లరావిడ ఒక్కతే మిగిలింది. దెయ్యం బొమ్మ తీసి పట్టుకుని అడిగింది. "నేను నీకేం చేశానే తల్లీ?"

"మీరు కాదాంటీ. తెల్లకోటు చూడండి. నైట్ డ్యూటీ చేసొచ్చి నాకు లెక్కలు చెప్పేటప్పుడు మా అమ్మ."

ఆవిడ బొమ్మను రెండు చేతులతో తిరిగి పెట్టెలో పెట్టి, పాట పాడుకుంటూ మెట్లెక్కింది.

ఆరింటికి డాక్టరమ్మ వచ్చింది. పెట్టె మూత తీసి, లోపలికి చూసి, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఒక్కటే ఉందేంటి? మిగతావి ఏవి?"

"చెప్తానమ్మా. ముందు నీకొచ్చింది నువ్వు తీసుకో," అని పెద్దాయన బొమ్మను చేతికిచ్చాడు.

ఆమె ముందు చూసింది. తిప్పి తన రాత చూసుకుంది. "ఇది దెయ్యం కదూ?"

"కాదు, నువ్వే," అంది పిల్ల లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా.

మిగతా ఇరవై రెండింటి గురించి డాక్టరమ్మ మళ్ళీ అడగలేదు.